బొమ్మి చేతి మందు

విజయరాఘవ రాజా ఇంటికి పోయి దినమూ మందు ఇచ్చి రావాలని డాక్టరు బాలసుబ్రహ్మణ్య చెప్పినప్పుడు బొమ్మి ఎదురు మాట అనలేదు. "సరి డాక్టరయ్యా, పోతాను" అన్నది. అంత తొందరగా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. ఆ ఇల్లంటే రాజపాళయం ఆసుపత్రిలో ఎవరికైనా భయమే. రాజాకు కోపం వచ్చిందంటే చేతికి ఏది అందితే అది విసురుతాడు. పోయిన నెల కాళ్లు ఒత్తడానికి వచ్చిన మనిషికి ఇత్తడి చెంబు దెబ్బకు కనుబొమ్మ చిట్లి మూడు కుట్లు పడినాయి. ఆ కుట్లు వేసింది బొమ్మే.

"ఎందుకు నిన్నే పంపుతున్నానో తెలుసా?" అని డాక్టరు బీరువా తెరిచి చిన్న నల్ల సీసా తీసినాడు. "దీని పేరు కోల్చికం. ఆయనకున్న కాలివాతానికి ఇంతకు మించిన మందు లేదు. కానీ నయం చేసే అళవుకూ, చంపే కొలతకూ మధ్య దూరం తక్కువ. రెండు నెలల ముందు సీసా వాళ్ల ఇంట్లోనే పెట్టి వచ్చినాను. పది చుక్కలకు తగ్గే నొప్పి ఇరవైకి ఇంకా బాగా తగ్గుతుందని పోసుకొని తాగినాడు మహానుభావుడు. రెండు దినాలు వాంతి, విరేచనం. నాడి దొరకలేదు. చచ్చి బతికినాడు."

అది 1941. యుద్ధం వచ్చి సీమనుంచి ఓడలు సరిగ్గా రావడం లేదు. మద్రాసులో అడిగించి అడిగించి తెప్పించిన సీసా అది.

"చెవి పెట్టి విను," అన్నాడు డాక్టరు. "పది చుక్కలు, అర గ్లాసు నీళ్లలో. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ప్రతిసారీ ముందు కడుపు ఎట్లా ఉందని అడుగు. తిప్పినా, వాంతి అయినా, భేది పట్టినా ఆ క్షణమే ఆపు. నొప్పి ఉంది కదా అని ఇంకొక చుక్క వెయ్యవద్దు. ఆపినాక నేను చెప్పేదాకా మూత తియ్యవద్దు. ఈ మందు ఎక్కువైతే విరుగుడు లేదు బొమ్మీ. సారాయి, మాంసం దగ్గరికి రానియ్యవద్దు. సీసా నీ నడుములోనే ఉండాలి, ఆ ఇంట్లో ఎవరి చేతికీ పోగూడదు."

బొమ్మి సీసా తీసుకొని నడుములో చెక్కుకున్నది. ఎనిమిదేళ్లుగా తాను వేచి ఉన్నది దీనికోసమేనా అని ఆమెకు అనిపించింది.

ఎనిమిదేళ్ల ముందు ఆమె రాజపాళయం పక్క సత్రపట్టిలో కాపురం చేస్తుండేది. మొగుడు బొమ్మయ్య రాజా మామిడితోపుకు కావలి. మనిషి నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ నవ్వుతూ ఉండేవాడు. ఆ తై నెలలో, సంక్రాంతి అయినాక, రాజా కొండ కింద పందివేట పెట్టినాడు. పొదల్లో తప్పెట కొట్టి పందిని బయటికి తోలడానికి నలుగుర్ని పిలిచినారు. అందులో బొమ్మయ్య ఒకడు. పంది బయటికి రాలేదు. వెనక్కి తిరిగింది. దాని మీదికి మొదట దూకింది రాజా పెంపుడు కుక్క వేంగై, ఎర్ర ముక్కు తెల్ల కుక్క. పంది కోర దాని పక్కను చీల్చింది. కుక్కను విడిపించడానికి కర్రతో ముందుకు పోయిన బొమ్మయ్యను తొడ దగ్గర ఎత్తి పడేసింది.

రాజా కారు అక్కడే ఉన్నింది. ఆయన తన పైబట్ట తీసి కుక్కకు చుట్టినాడు. దాన్ని తానే ఎత్తి వెనక సీటులో పడుకోబెట్టినాడు. "అయ్యా, బొమ్మయ్య..." అని ఎవరో అంటే, "వాణ్ణి బండిలో తీసుకు రాండి. కారు మధురకు పోవాలి, పశువులు చూసే మాటుడాక్టరు దగ్గరికి" అన్నాడు. కారు పోయింది. ఎద్దుబండి దొరకడానికి ఒక గంట, రాజపాళయం ఆసుపత్రికి ఆరు మైళ్లు. రాళ్ల బాట. బొమ్మికి ఎవరో చెప్పి, ఆమె అడ్డదారిన పరుగెత్తి బండిని కలుసుకున్నప్పుడు బండిలో పరిచిన గడ్డి నల్లగా తడిసి ఉన్నింది. ఆసుపత్రి కనపడకముందే బొమ్మయ్య పోయినాడు.

కుక్క బతికింది. పద్దెనిమిది కుట్లు పడినాయని ఊళ్లో గొప్పగా చెప్పుకున్నారు.

బొమ్మి బిడ్డలు లేని మనిషి. కర్మం ముగిసినాక మధుర పోయింది. అక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో గదులు కడగడానికి చేరింది. గదులు కడిగే చేతులతోనే కట్లు కట్టడం నేర్చుకున్నది, చదువు నేర్చుకున్నది, మందుల పేర్లు నేర్చుకున్నది. ఆరేళ్లకు నర్సుగా రాజపాళయం తిరిగి వచ్చింది. ఎందుకు తిరిగి వచ్చినావని అడిగితే సొంత ఊరు పక్కనే కదా అనేది. అది సగమే నిజం.

రాజా గదిలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆయన పెద్ద మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. కుడికాలు బొటనవేలు పండు మిరపకాయ మాదిరి ఎర్రగా వాచి మెరుస్తా ఉన్నింది. కాలి మీద దుప్పటి లేదు. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతుందని అరుస్తాడట. వాకిలి దగ్గర ఆయన భార్య జానకియమ్మాళ్ నిలబడి ఉన్నింది. సన్నటి మనిషి, మాట తక్కువ.

"ఎవరిది?" అన్నాడు రాజా.

"డాక్టరయ్య పంపిన నర్సునయ్యా. బొమ్మి."

ఆమె కావాలనే తన పేరు గట్టిగా చెప్పింది. ఆయన ముఖంలో ఏమీ కదలలేదు. "సరి, సరి. తొందరగా ఇచ్చి తొలుగు" అన్నాడు.

ఆ ముఖంలో రవ్వంత ఉలికిపాటు కనపడి ఉంటే చాలుననుకున్నది ఆమె తరువాత. అదీ లేదు. తన మొగుణ్ణి గడ్డిలో నెత్తురు కారనిచ్చిన మనిషికి, చచ్చినవాడి పెండ్లాం ఎవరో కూడా తెలియదు.

పొద్దుటి మందు సరిగ్గా ఇచ్చింది. పది చుక్కలు. మధ్యాహ్నం వచ్చినప్పుడు నొప్పి కొంచెం దిగినట్టు ఉన్నింది. గ్లాసులో నీళ్లు పోసింది, సీసా మూత తీసింది, ఆయన తలకాయ అటు తిప్పగానే మూత పెట్టేసింది. వట్టి నీళ్లు ఇచ్చింది. ఆయన గటగటా తాగినాడు.

గంటకు నొప్పి మళ్లీ ఎక్కింది. బొమ్మి ఇంటికి పోలేదు. మూలన ముక్కాలిపీట వేసుకొని కూర్చున్నది. ఆయన పళ్లు కొరికినాడు. దిండు చించినాడు. "అమ్మా, అమ్మా" అని అరవై ఏళ్ల మనిషి చిన్నబిడ్డ మాదిరి ఏడ్చినాడు. బయట వీధిలో బరువు బండి ఒకటి పోతే ఆ అదురుకు ఇక్కడ మంచంలో ఎగిరిపడినాడు. ఆ ఎగిరిపాటు చూసి బొమ్మి కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టు అయింది. ఇట్లాంటి అదుర్లు ఆరు మైళ్లు, అనుకున్నది. ఒక్కొక్క రాయికీ ఒక్కొక్క అదురు. ఇంకా మొదటి మైలు కూడా కాలేదు నీకు.

సాయంత్రం మాత్రం పది చుక్కలు వేసింది. నొప్పికి తాళలేక చచ్చిపోతే ఇక నొప్పి ఉండదు కదా.

మరుసటి దినం పొద్దున ఇచ్చి, ఆసుపత్రి పని చూసుకొని మధ్యాహ్నం వచ్చింది. గదిలోకి అడుగు పెట్టగానే ఏదో మారినట్టు ముక్కు చెప్పింది. నేల అప్పుడే కడిగి తడిగా ఉన్నింది. నిమ్మతోలు వాసన, దాని కింద పులిసిన వాసన. రాజా కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, పెదవులు ఎండి ఉన్నాయి.

"కడుపు ఎట్లా ఉందయ్యా?" అని అడిగింది.

"కడుపుకేమి? రాయి మాదిరి ఉంది."

"వాంతి అయిందా?"

"లేదంటున్నాను కదా!"

బొమ్మి వాకిలి వైపు చూసింది. జానకియమ్మాళ్ అక్కడే నిలబడి ఉన్నింది, చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. నేల కడిగింది ఆమే. ఆమెకు తెలుసు. ఆమె నోరు తెరవలేదు.

"మందు నిలిపితే నొప్పి ఎవరు పడేది? నీ డాక్టరా?" అన్నాడు రాజా. "నాకంతా తెలుసు. కడుపు తిప్పిందంటే నువ్వు సీసా ఎత్తుకొని పోతావు. ఈ పది చుక్కల లెక్క పసిబిడ్డలకు పెట్టుకో. ముప్ఫై వెయ్యి. నేను చెప్తున్నాను. ఏమైనా అయితే తప్పు నాది."

అవకాశం ఇంత సులభంగా వస్తుందని బొమ్మి ఎన్నడూ అనుకోలేదు. తాను చెయ్యాల్సింది ఏమీ లేదు. ఆయనే అడిగినాడు, ఆయన పెండ్లామే సాక్షి. వాంతి కాలేదని ఆయన నోటితోనే చెప్పినాడు. పేద నర్సు డబ్బున్న ముదలాళి మాట మీరుతుందా? ఒక్కసారి పొంగి పొర్లిన కడుపు, రెండు నెలల ముందే సగం చచ్చిన ప్రాణం. ముప్ఫై చాలు.

సీసా తీసింది. గ్లాసులో నీళ్లు పోసింది. ఒకటి, రెండు, మూడు... పది దాటింది. ఇరవై. ముప్ఫై. నీళ్లు లేత పసుపు తిరిగినాయి. గ్లాసు ఎత్తుకొని మంచం దగ్గరికి పోయింది. ఆయన చెయ్యి చాచినాడు.

"అయ్యా," అన్నది బొమ్మి, "మీకు బొమ్మయ్య గుర్తున్నాడా?"

"ఎవడు?"

"మీ తోపు కావలి బొమ్మయ్య. పందివేటలో..."

"ఓ, ఆ వేట!" రాజా ముఖం నొప్పిలోనూ కొంచెం వెలిగింది. "వేంగైకి పక్క చీలిపోయిన వేట. పద్దెనిమిది కుట్లు! ఆ మీద నాలుగేళ్లు బతికింది. అట్లాంటి కుక్క ఇంక పుట్టదు. ఇటు ఇయ్యి."

బొమ్మి గ్లాసు ఇయ్యలేదు. వీడు ఇది తాగుతాడు, చస్తాడు, అనుకున్నది. ఎందుకు చచ్చినాడో తెలియకుండా చస్తాడు. చివరి మాటగా కుక్కను తలచుకొని చస్తాడు. ఇదా నేను ఎనిమిదేళ్లు దాచుకున్నది?

మంచం పక్కనున్న చెంబు ఎత్తి పట్టుకొని, ఆయన కళ్ల ముందర గ్లాసును అందులో వంచింది. ఆఖరి బొట్టుదాకా.

"ఏయ్!" అని రాజా అరిచినాడు. చెయ్యెత్తి విసరడానికి ఏమీ దొరకలేదు. చెంబు బొమ్మి చేతిలోనే ఉన్నింది.

"ఇది తాగి ఉంటే రేపు పొద్దుటికి మీరు ఉండరు," అన్నది ఆమె, వంట సంగతి చెప్పినంత నిదానంగా. "మీరు వాంతి చేసుకున్నారు. నాకు తెలుసు. తెలిసే ముప్ఫై వేసినాను. బొమ్మయ్య నా మొగుడు. కుక్కను కారులో ఎక్కించి మీరు బండిలో రమ్మన్నది అతణ్ణే. నిన్న మధ్యాహ్నం మీకు ఇచ్చింది వట్టి నీళ్లు. మీ అరుపులన్నీ నేను ఆ మూలన కూర్చొని విన్నాను."

రాజా ముఖం బూడిద రంగు తిరిగింది. ఆ భయం ఒక్కటి చాలు, ఆమెకు ఎనిమిదేళ్లలో మొదటిసారి ఒళ్లంతా ఊపిరి ఆడింది.

చెంబు కాలువలో కుమ్మరించి, తిన్నె దాటి ఆమె వీధిలో దిగబోతుంటే వెనక జానకియమ్మాళ్ వచ్చింది.

"పారబోసినావా?" అన్నది మెల్లగా.

బొమ్మి తిరిగి చూసింది.

"నువ్వు పేరు చెప్పగానే నేను గుర్తుపట్టినాను. సత్రపట్టి బొమ్మయ్య పెండ్లామువు. కుక్క నెత్తురు సీటు మీదనుంచి కడిగింది నేనే, నాకు మరిచిపోతుందా?" జానకియమ్మాళ్ ఎడమచేతి గాజులు పైకి తోసింది. మణికట్టు మీద పాత కాలిన మచ్చలు, వరసగా. "ఇరవై ఏళ్లు ఆ మనిషితో ఉన్నాను. నీ నడుములో ఆ సీసా చూసినాను. చూసి ఊరుకున్నాను."

ఆ మచ్చలు చూసి బొమ్మికి జాలి కలిగింది. ఆ జాలిని దాటి కోపం వచ్చింది.

"పోలీసు వచ్చి ఉంటే ఎవరిని పట్టుకుపోతారమ్మా? మిమ్మల్నా?" అన్నది. "మీ ఆయన నా మొగుణ్ణి పొదల్లోకి తోలినాడు. మీరు నన్ను ఆ గదిలోకి తోలినారు. మీ పగ మీ చేతులతో తీర్చుకోండి. నా పగ నాది."

ఆమె నేరుగా ఆసుపత్రికి పోయింది. మొదట వాంతి సంగతి చెప్పింది, మందు నిలిపినానని చెప్పింది. తరువాత మిగిలినదంతా చెప్పింది. నీళ్లు, ముప్ఫై చుక్కలు, దేన్నీ దాచలేదు. సీసా మేజా మీద పెట్టింది. డాక్టరు బాలసుబ్రహ్మణ్య సంచీ ఎత్తుకొని ఆ క్షణమే రాజా ఇంటికి పోయినాడు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు గుక్క గుక్కగా తాపించి, నాడి నిలబడినాకనే వెనక్కి వచ్చినాడు. అప్పటిదాకా బొమ్మి నిలబడే ఉన్నింది.

"ముప్ఫై చుక్కలు పారబోసినావు, అది నువ్వు మనిషివి గనక," అన్నాడు. "కానీ నీళ్లు ఇచ్చినావు చూడు, దానికి నిన్ను ఇప్పుడే పంపెయ్యాలి. మందు ఎక్కువ ఇవ్వడం ఎంత తప్పో, ఇచ్చినానని చెప్పి ఇవ్వకపోవడం అంత తప్పు. నొప్పి తగ్గలేదే అని నేనే రేపు అళవు పెంచి ఉంటే? అప్పుడు ఆయన్ని చంపింది నేనా, నువ్వా?"

బొమ్మి మొదటిసారి తల వంచింది ఆ మాటకే.

ఆయన ఆమెను పంపలేదు. కానీ మందుల బీరువా తాళంచెవి తీసుకున్నాడు. నాలుగు నెలలు ఆమె పుండ్లు కడిగింది, గుడ్డలు ఉడకబెట్టింది.

ఐప్పసి నెల వానల్లో రాజాకు వాతం మళ్లీ తిరగబెట్టింది. ఈసారి ఎడమకాలు. డాక్టరు తానే పోయినాడు. సాయంత్రం తిరిగి వచ్చి బొమ్మిని పిలిచినాడు.

"నువ్వే రావాలంట," అన్నాడు. "నీ చేతి మందు తప్ప ఇంకెవరిచ్చినా తాగడంట."

"నేనా?"

"నేనూ అదే అడిగినాను. ఏమన్నాడో తెలుసా? 'చంపడానికి చెయ్యెత్తి చంపకుండా పోయింది అదొక్కతే. నేను వాంతి చేసుకున్నది తెలిసీ, అది ముప్ఫై చుక్కలు ఎంచుతుంటే ఈ ఇంట్లో ఒకరు నోరు మూసుకొని నిలబడి ఉన్నారు. ఈ ఇంట్లో నీళ్లు తాగాలన్నా నాకు భయంగా ఉంది' అన్నాడు."

తాళంచెవి ఆయన ఇయ్యలేదు. ప్రతిసారీ తానే ఒక పూట మందు చిన్న సీసాలో కొలిచి పోసి ఇస్తాననీ, వట్టి సీసా తిరిగి చూపించాలనీ చెప్పినాడు. బొమ్మి ఒప్పుకున్నది.

గదిలో రాజా సగమై ఉన్నాడు. ఆమె చేతులనే చూస్తా ఉన్నాడు. ఆమె కడుపు సంగతి అడిగింది. ఈసారి ఆయన అబద్ధం చెప్పలేదు. గ్లాసు అందుకొని, దాని లోపలికి చూస్తా, తాగకుండా చాలాసేపు పట్టుకున్నాడు. గ్లాసు పళ్లకు తగిలి టకటకమన్నది. ఇది సరైన అళవే అని బొమ్మి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చివరికి కళ్లు మూసుకొని తాగినాడు.

"బండిలో," అన్నాడు కాసేపటికి గోడ వైపు చూస్తా, "వాడికి తెలివి ఉన్నిందా?"

బొమ్మి సీసా మూత పెట్టింది. ముక్కాలిపీట మంచం దగ్గరికి లాక్కొని కూర్చున్నది. ఎనిమిదేళ్లలో ఆ మాట అడిగిన మనిషి ఎవరూ లేరు. అడగడానికి వీడే మిగిలినాడు.

"ఉన్నింది," అన్నది. "చింతచెట్ల మలుపుదాకా ఉన్నింది. రెండుసార్లు నీళ్లు అడిగినాడు. నా కొంగు తడిపి నోట్లో పిండినాను. వేంగై బతికిందా అని అడిగినాడు. మీ కుక్కను అడిగినాడయ్యా. బతికిందని చెప్పినాను. తరువాత చలి అన్నాడు. నడినెత్తిన ఎండ కాస్తా ఉన్నింది, చలి అన్నాడు."

"కుక్కకు డాక్టరు మధురలో తప్ప లేడు," అన్నాడు రాజా. "మనిషికి ఊళ్లోనే ఉన్నాడు కదా అనుకున్నాను."

"ఉన్నాడు. ఆరు మైళ్ల అవతల."

ఆయన కప్పు వైపు చూస్తా పడుకున్నాడు. కళ్ల పక్కన తడి ఉన్నింది. అది కాలినొప్పికి వచ్చిందో, దేనికి వచ్చిందో బొమ్మి అడగలేదు. అడగాలని అనిపించలేదు కూడా.

ఆ తరువాత నాలుగైదేళ్లు, వాతం వచ్చినప్పుడల్లా ఆమె పోయేది. మందు ఒక చుక్క ఎక్కువ కాదు, ఒక చుక్క తక్కువ కాదు. కడుపు తిప్పితే నిలిపేది, ఆయన కాళ్లా వేళ్లా పడినా ఇచ్చేది కాదు. మందు దిగేదాకా కూర్చొని బొమ్మయ్య సంగతి చెప్పేది. అతను నవ్వే తీరు, నమిలే వేపపుల్ల, పెండ్లినాటి తలపాగ, బండి, గడ్డి. కదలలేని మనిషి వినక ఏం చేస్తాడు? ఒకసారి "చాలు బొమ్మీ, మన్నించు" అన్నాడు. "అది నా దగ్గర లేదయ్యా" అని చెప్పి, ఆపిన చోటునుంచి మళ్లీ మొదలుపెట్టింది.

1946లో మూత్రపిండాలు చెడి ఆయన పోయినాడు. మందు వల్ల కాదు, డాక్టరు అదీ రాసి ఇచ్చినాడు. ఊరంతా ఆ ఇంటి ముందు చేరినప్పుడు డాక్టరు బొమ్మిని అడిగినాడు, "ఒకసారి పోయి చూసి వస్తావా?" అని.

"లేదు డాక్టరయ్యా," అన్నది ఆమె, చేతులు సబ్బుతో రుద్దుకుంటా. "సేత్తూరునుంచి తొలిచూలు కేసు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నీళ్లు కాగినాయేమో చూస్తాను."